ఎండ తినే పలక

మే 6

ఉసీ,

నోటితో చెప్పలేనిది రాసుకోమంది పాస్టరుగారి భార్య. ఐదో తరగతి చదువుకి ఏం రాస్తానమ్మా అన్నాను. ఎవరూ దిద్దరు కదా, రాసుకో అంది. అందుకని రాస్తున్నాను. ఎవరికీ చూపించను.

నీ కుర్చీలోకి ఒకతె వచ్చింది.

పేరు అసియాతు. దక్షిణాన మంగోచి పిల్ల. నీ వయసే ఉంటుంది. నీకంటే పొడుగు. నీకంటే పొడుగుండటం గొప్పేం కాదులే. పుట్టినప్పుడు సరస్సులో ఉసిపా చేపంత ఉన్నావు, పెరిగాక కూడా దాని అక్కంతే ఉన్నావు. ఊరంతా టివొంగె అంటే నేనొక్కదాన్నే ఉసీ అనేదాన్ని.

కొండ మలుపులో మినీబస్సు బోల్తా పడి నువ్వు పోయినప్పటి నుంచి నేను ఆరోగ్య కేంద్రం గడప తొక్కలేదు. ఇవాళ తొక్కాను. బీపీ బిళ్ళల కోసం అన్నాను. ఆమె ముఖం చూద్దామని వెళ్ళాను.

సిస్టర్ జెస్టీనా ఆమెను వరసలో ఉన్నవాళ్ళందరికీ చూపించింది. "ఇదిగోనమ్మా, టివొంగె చేసిన కంప్యూటర్‌ని ఇక ఈ అమ్మాయి చూసుకుంటుంది."

చూసుకుంటుందట! తల్లి పోయిన బిడ్డను సవతితల్లికి అప్పజెప్పినట్టు చెప్పింది.

ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి మోకాలు వంచి దండం పెట్టింది. "అమ్మా, మీ గురించి విన్నాను" అంది దేశమంతా మాట్లాడే చిచేవాలో. మా ఒడ్డు భాష టోంగా రాదు ఆమెకి.

"నన్ను న్యామాండా అని పిలువు. ఊళ్ళో అందరూ అలాగే పిలుస్తారు" అన్నాను.

అందరూ అలా పిలవరు. నువ్వు పుట్టినప్పటి నుంచి టివొంగె అమ్మ అనే పిలిచారు. ఇప్పుడు ఆ పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది వాళ్ళకి.


మే 7

నీ ఎనామిల్ కప్పులో టీ తాగుతోంది.


మే 15

బిళ్ళలు ఇంకా ఉన్నాయి. అయినా వెళ్ళాను. మోకాళ్ళ నొప్పి అన్నాను.

అంతా నువ్వు పెట్టినట్టే ఉంది. మనుషులు వస్తారు, పేరు చెబుతారు, సిస్టర్ తెర మీద వేలు పెడుతుంది, ఎవరికి ఏ జబ్బు, ఏ మందు, మళ్ళీ ఎప్పుడు రావాలో వచ్చేస్తుంది. తెర మీద మాటలన్నీ మన టోంగాలోనే. మన ఇంట్లో మాట్లాడుకునే టోంగాలోనే. తప్పు నొక్కితే "ఆగాగు, వెనక్కి రా" అంటుంది. అది నా మాట. నువ్వు చిన్నప్పుడు నీళ్ళలోకి పరిగెత్తితే నేను అరిచిన అరుపు అది.

నీకు గుర్తుందా, నువ్విది మొదలుపెట్టినప్పుడు అన్నావు: "అమ్మా, ఊరూరా ఎవరో తెచ్చిపెట్టిన కంప్యూటర్లు చూశాను. ఒక్క తీగ ఊడితే రాజధాని లిలొంగ్వె నుంచి మనిషి రావాలి. ఆ మనిషి వచ్చేలోగా దాని మీద కోడి పొదిగి పిల్లల్ని దింపేస్తోంది. నాది అలా ఉండకూడదు. చెడిపోతే ఇక్కడి మనిషే బాగుచేసుకోవాలి. ముక్కలన్నీ మ్జుజు పట్నం బజార్లో దొరికేవై ఉండాలి. నేను లేకపోయినా నడవాలి."

నేను లేకపోయినా నడవాలి. ఎంత గర్వంగా అన్నావు! పళ్ళెంలో చెయ్యి పెట్టి, నోట్లో ముద్ద పెట్టుకుని మరీ అన్నావు. నేనూ మురిసిపోయి ఇంకో చేప వేశాను.

నువ్వు లేకుండానే నడుస్తోంది తల్లీ. ఒక్కరోజు ఆగలేదట. నేను నేల మీద పడి దొర్లుతున్నప్పుడు కూడా అది పేర్లు చూపిస్తూనే ఉందట. అదే నా కడుపుమంట.

ఇంకోటి. చెవిటి ముసలాయన ఒకాయన వరసలో ముందుకొచ్చి, "టివొంగె, నా పేరు వచ్చిందేమో చూడమ్మా" అన్నాడు. అలవాటు, పాపం. ఆ పిల్ల ఏమనాలి? నేను టివొంగెని కాదు తాతా అనాలా వద్దా? "వచ్చింది తాతా, కూర్చోండి" అంది.

పలికింది, ఉసీ. నీ పేరుకి పలికింది.


మే 16

ఆయన చెవిటివాడు. నేను టివొంగెని కాదని అంటే మాత్రం వినపడేదా? అయినా పలకకూడదు.


మే 29

ఇవాళ పొద్దున్నే రేవు నుంచి వస్తూ ఆరోగ్య కేంద్రం వెనకాలగా వచ్చాను. అటు దగ్గర దారి.

సోలార్ పలక ముఖం తుడుస్తోంది ఆ పిల్ల.

అది నా పని. పలకను పైకప్పు మీద బిగించాలని, దీనికి డబ్బులిచ్చేవాళ్ళు పట్టుబట్టితే నువ్వు ఒప్పుకోలేదు. "కప్పెక్కి ఎవరు తుడుస్తారు? దుమ్ము పడితే అది చచ్చిపోతుంది. నడుమెత్తున పెట్టండి, మా అమ్మ తుడుస్తుంది" అన్నావు. నాతో, "అమ్మా, ఇది ఎండ తినే పలక. రోజూ దీని ముఖం కడిగే పని నీదే" అన్నావు. నడుముకి చుట్టుకునే పాత చితెంజె గుడ్డ చింపి ఇచ్చావు. నేనూ రోజూ కడిగాను.

పెట్టిన కొత్తలో ఒకరోజు నేను దాని మీద ఉసిపా ఆరబెట్టాను కదా! నాకేం తెలుసు? నడుమెత్తున, నున్నగా, వెచ్చగా, సరిగ్గా ఎండకి ఎదురుగా ఉంది. అంత మంచి జాగా రేవంతా వెతికినా లేదు. లోపల కంప్యూటర్ ఆగిపోయి నువ్వు తీగలన్నీ ఊడదీసి, మళ్ళీ పెట్టి, చివరికి వెనక్కి వచ్చి చూశావు. కోప్పడతావనుకున్నాను. నేల మీద కూలబడి నవ్వావు. "దాని పళ్ళెంలో నువ్వు చేపలు పెడితే అదెలా తింటుందే అమ్మా" అని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వావు.

నువ్వు పోయాక నేను కడగలేదు. ఎవరూ కడగమనలేదు. ఇప్పుడు ఆమె కడుగుతోంది, ఏదో కొత్త స్పాంజితో. గుడ్డ అయితేనే గీతలు పడవు. నేను చెప్పలేదు.


జూన్ 3

అసియాతు ఇంటికి వచ్చింది. చేతిలో చక్కెర పొట్లం.

కూర్చోమన్నాను. ఇంటికొచ్చినవాళ్ళని ఏమంటాం. కొండొవొలె పెట్టాను, చేపల పులుసు పోశాను. దక్షిణాది వాళ్ళకి మొక్కజొన్న ముద్ద న్సిమా తప్ప గొంతు దిగదు. మన కర్రపెండలం ముద్ద సాగుతుంటే ఆమె చేతిని పైకెత్తి, ఇంకా పైకెత్తి, ఆఖరికి లేచి నిలబడుతుందేమో అనుకున్నాను. అప్పుడే లోపలికొచ్చిన పక్కింటి న్యాలోంగ్వే చూసి, "లాగు పిల్లా, లాగు, వల లాగినట్టు లాగు, అటుపక్క ఎవడైనా మగాడు వస్తాడేమో" అంది. ఆ పిల్లకి అర్థం కాలేదు కానీ నవ్వింది. రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది. రొట్టె ముక్కలూ బిస్కట్లూ తిని బతుకుతోందట గదిలో. మెడ కింద ఎముకలు కనిపిస్తున్నాయి. నాకేం.

న్యాలోంగ్వే వెళ్ళాక మెల్లగా అడిగింది. "అమ్మా, టివొంగె గురించి ఏమైనా చెబుతారా?"

"ఏం చెప్పను?"

"ఏదైనా. ఆమెను నేనెప్పుడూ చూడలేదు. కానీ రోజంతా ఆమెతోనే ఉన్నట్టుంటుంది. ఆమె రాసిన ప్రోగ్రాం చదువుతుంటే పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంటుందమ్మా. నేను ఎక్కడ తికమకపడతానో ముందే తెలిసినట్టు, సరిగ్గా అక్కడ ఆగి, ఇది ఇందుకని ఇలా చేశాను అని రాసిపెట్టింది. వేరేవాళ్ళ పని బాగుచేయడం అంటే మాకు ఏడుపే. ఆమె పని అలా కాదు. చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది."

నేను పళ్ళేలు తీశాను.

"చెప్పడానికేం లేదు. చీకటి పడుతోంది, వెళ్ళు" అన్నాను. పొద్దు ఇంకా కొండ దిగనేలేదు.


జూన్ 4

నా పక్కన కూర్చోవు. చెయ్యి పట్టుకోవు. కల్లోకి కూడా రావు. ఆమె పక్కన రోజంతా కూర్చుంటావు.


జూన్ 5

ఆ చక్కెర న్యాలోంగ్వేకి ఇచ్చేశాను.


జూన్ 19

రేవులో చేపలు తిరగేస్తుంటే న్యాలోంగ్వే అంది, "వదినా, నీ కోడలు ఊరంతా తిరిగి నీ కూతురి మాట అడుగుతోందే."

"నాకు కొడుకుల్లేరు, కోడలెక్కడిది?"

"మరి సవతా? ఆమె పేరెత్తితే చాలు నీ ముఖం సవతిని చూసినట్టు మాడిపోతుంది. ఎండ అక్కర్లేదు, నీ ముఖానికెదురుగా పెడితే చాలు, చేపలు ఆరిపోతాయి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాకు ఆమె మీద ఏమీ లేదు. నిజంగా ఏమీ లేదు.

న్యాలోంగ్వే తెచ్చిన కబురు: వచ్చే సోమవారానికి ఆపై సోమవారం జిల్లా ఆఫీసు వాళ్ళూ, డబ్బులిచ్చేవాళ్ళూ వస్తారట, నీ కంప్యూటర్‌ని చూడటానికి. బాగుందనుకుంటే ఇంకా చాలా కేంద్రాల్లో పెడతారట. బాగులేదనుకుంటే ఇక్కడిది కూడా తీసేసి ఏదో పెద్ద కంపెనీది తెచ్చి పెడతారట. ఇక దేనికైనా లిలొంగ్వె మనిషే రావాలి.

"నీ టివొంగె పని నిలవడమా, మూలపడటమా, ఆ ఒక్కరోజులో తేలిపోతుంది వదినా" అంది.

మూలపడదు. నీ చేతి పని ఎందుకు మూలపడుతుంది?


జూన్ 20

పొద్దున్నే వెళ్ళి అడిగాను. "పెద్దవాళ్ళు వస్తున్నారటగా. అంతా సరిగ్గా ఉందా?"

అసియాతు కళ్ళు వెలిగిపోయాయి. నేను నోరు తెరిచి మాట్లాడానని కాబోలు. "ఉందమ్మా. ఒక్క పనే మిగిలింది. మాటలు మార్చాలి."

"ఏం మాటలు?"

"తెర మీద మాటలు. ఇదివరకు ఇది మీ ఒక్క ఊరిది. ఇప్పుడు అన్నిచోట్లకీ వెళ్ళాలి, అక్కడ టోంగా ఎవరికి వస్తుంది? వాళ్ళు వచ్చి వెళ్ళగానే మొత్తం చిచేవాలోకి మార్చేస్తాను. నాకే సగం మాటలకి అర్థం తెలియడం లేదు."

"తెలియకపోతే నేర్చుకో."

"నేర్పిస్తారా అమ్మా?"

"నాకంత ఖాళీ లేదు. నన్ను అమ్మా అనొద్దని చెప్పాను."

సిస్టర్ జెస్టీనా కార్డుల వెనక నుంచి తలెత్తి, "అక్కా, ఆ పిల్ల ఏం చేసిందని అలా కసురుతావు?" అంది.

ఏం చేసిందా? నీ కుర్చీ తీసుకుంది. కప్పు తీసుకుంది. పేరుకి పలికింది. నా పలక ముఖం కడిగింది. ఇప్పుడు నీ నాలుక కోస్తానంటోంది. ఆగాగు, వెనక్కి రా అనే మాట ఇక కనిపించదు. ఇంకేం చేయాలి?

ఇవన్నీ అనలేదు. బిళ్ళలు ఇయ్యి అన్నాను. మొన్ననే తీసుకున్నావు కదా అంది.


జూన్ 24

ఆ పెద్దవాళ్ళ ముందు ఒక్కసారి, ఒక్క గంట, అది ఆగిపోవాలి. ఆమె తీగలు లాగి, బల్ల కింద దూరి, చెమటలు కక్కి, చేతకాక నిలబడాలి. అప్పుడు ఎవరో ఒకరు అనాలి: టివొంగె ఉంటే బాగుండేది అని.

ఆ ఒక్క మాట. నువ్వు పోయాక ఎవరూ అనలేదు ఆ మాట. అనాల్సిన అవసరమే రానివ్వలేదు నువ్వు.


జూన్ 26

మ్వెరా గాలి మొదలైంది. సరస్సు తెల్లగా పొంగుతోంది. పడవలు ఒడ్డునే.


జూన్ 27

మ్వెరా గాలికి నా చేపలారబెట్టే తడికలు పడిపోయాయి. మొన్న కొన్న ఉసిపా అంతా పచ్చిగానే ఉంది. ఎక్కడ ఆరబెట్టను? ఇంటి ముందు ఇసుక లేస్తోంది. రేవులో అందరి తడికలూ నిండుగా ఉన్నాయి. న్యాలోంగ్వేని అడగొచ్చు, అడిగితే ఇస్తుంది కూడా, కానీ తర్వాత ఊరంతా చెబుతుంది.

ఆరోగ్య కేంద్రం వెనక గాలి తక్కువ. గోడ అడ్డం ఉంటుంది.

అసియాతు మ్జుజు వెళ్ళింది, కంప్యూటర్‌కి ఏదో తీగ కొనడానికి. సోమవారం పొద్దున ఆ పెద్దవాళ్ళతోనే కార్లో వస్తుందట. శనాదివారాలు కేంద్రం మూసే ఉంటుంది. కాన్పులు చేసే గది మాత్రం తెరిచి ఉంటుంది, దాని దీపానికి వేరే పలక ఉంది, పైకప్పు మీద. అది నేను చూసుకున్నాను.

చేపలు పాడవకూడదు కదా, అంతే.


జూన్ 28

ఇంకా పచ్చిగానే ఉన్నాయి. తిరగేశాను.


జూన్ 29

చర్చికి వెళ్ళాను. పాస్టరుగారు ఏం చెప్పారో గుర్తులేదు. వచ్చేటప్పుడు వెనక దారిన రాలేదు.

న్యాలోంగ్వే కొడుకు వచ్చి నా తడికలు మళ్ళీ నిలబెట్టి వెళ్ళాడు. చేపలు వాటి మీదికి మార్చొచ్చు.

రేపు మారుస్తాను. ఇంకొంచెం ఆరాలి.


జూన్ 30, సోమవారం

పొద్దున వెళ్ళి తీసేద్దామనే లేచాను. దారిలో వాళ్ళ కార్లు కనిపించాయి. అప్పుడిక వెనక్కి వెళ్ళి ఏం తీస్తాను?


జూలై 1

నిన్నటి మిగతాది ఇవాళ రాస్తున్నాను. నిన్న అంతకు మించి రాయలేకపోయాను.

వరసలో నిలబడ్డాను. కేంద్రం నిండా జనం. టీకాల పిల్లలు, టీబీ మందుల వాళ్ళు. పెద్దవాళ్ళు నలుగురు కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్ళలో లావుపాటాయన ఒకాయన మొదటి నుంచీ వాచీ చూసుకుంటున్నాడు. అసియాతు కొత్త చితెంజె కట్టుకుంది. దాని ముడి మాటిమాటికీ విప్పి కట్టుకుంటోంది. నువ్వు పరీక్షలకి వెళ్ళేటప్పుడు అలాగే చేసేదానివి.

ముందు అంతా బాగానే నడిచింది. తర్వాత తెర కొంచెం మసకబారింది. సిస్టర్ కళ్ళు చిట్లించింది. ఇంకా మసకబారింది.

"ఏమైంది?" అన్నాడు లావుపాటాయన.

"బ్యాటరీ అయిపోతోంది" అంది అసియాతు. "ఎందుకో తెలియడం లేదు. మూడు రోజులూ ఎండ బాగానే కాసింది కదా..." బల్ల కిందికి దూరింది. తీగ లాగింది, పెట్టింది. నేను కోరుకున్నట్టే చెమట పట్టింది ఆమెకి.

లావుపాటాయన పక్కవాడితో మెల్లగా, వినపడేంత మెల్లగా, "చేసిన మనిషి పోయాక ఇవి ఇంతే. అందుకే నేను పెద్ద కంపెనీ అంటాను" అన్నాడు.

ఉసీ, ఆయన అన్నది ఆమెను కాదు. నిన్ను.

ఆ పిల్ల చేతకానితనం బయటపడుతుందని నేను చేశాను. బయటికి వచ్చింది నీ చేతకానితనం. నీ పని మీద మట్టి పోస్తున్నారు నా ముందే, ఆ మట్టి తట్ట నా చేతిలోనే ఉంది. పరిగెత్తి చేపలు లాగేయాలని ఉంది, కాలు కదలదు. నా వెనకున్న పసిపిల్ల తల్లి, "ఇవాళ సూది వేయరా పెద్దమ్మా, నేను ఆ కొండ అవతల నుంచి నడిచొచ్చాను" అంటోంది.

అప్పుడు తెర మొత్తం మారింది. అక్షరాలు పెద్దవయ్యాయి. వెనక నుంచి కూడా కనిపించేంత పెద్దవి.

సిస్టర్ జెస్టీనా పైకి చదవడం మొదలుపెట్టింది.

"కంగారుపడకండి. రాసినదంతా భద్రంగా ఉంది. బయట ఎండ ఉంది కానీ నాకు తిండి అందడం లేదు. వెనక్కి వెళ్ళి పలకను చూడండి. దుమ్ము ఉంటే తుడవండి. ఆకులుంటే దులపండి. ఉసిపా చేపలుంటే..."

సిస్టర్ ఆగింది. వరసంతా మెడలు చాచింది.

"చదువు తల్లీ, ఆపుతావేం!" అని అరిచింది న్యాలోంగ్వే.

"ఉసిపా చేపలుంటే మా అమ్మను పిలవండి. తిట్టకండి. తనే తీసేస్తుంది. ఆమె పలక ముఖం కడిగాకే నేను మళ్ళీ లేస్తాను."

ముందు అందరూ గొల్లుమన్నారు. టీకాల పిల్లలు కూడా ఏడుపు ఆపి చూశారు. తర్వాత ఒక్కొక్కరే నవ్వు ఆపి నా వైపు తిరిగారు.

చెవిటి ముసలాయనకి ఎవరో చెవిలో చెప్పారు. ఆయన గట్టిగా అన్నాడు: "టివొంగె అమ్మా, పిలుస్తున్నారు వెళ్ళమ్మా."

ఆ పేరుతో నన్ను ఎవరైనా పిలిచి ఎన్నాళ్ళయింది!

వెళ్ళాను. ఒడి పట్టి చేపలు దూస్తుంటే సగం నేల పాలయ్యాయి. పలక నిండా పొలుసులు, జిగురు, ఉప్పు మరకలు. కళ్ళు కనిపించడం లేదు. ఇంతలో పక్కన ఎవరో గంప పట్టారు. అసియాతు.

"గాలికి నా తడికలు పడిపోయాయి" అన్నాను.

"అవునమ్మా. చాలా గాలి వీచింది."

ఆమెకి తెలుసు. ఆ ముఖం చూస్తే తెలిసింది, ఆమెకి తెలుసని.

"తిట్టవేం?"

"తిట్టొద్దని రాసుంది కదా."

"నీకు టోంగా రాదుగా."

"సిస్టర్ చెప్పింది. ప్రోగ్రాంలో ఆ మాటలు ఎప్పుడో చూశానమ్మా. ఉసిపా అన్న ఒక్క ముక్కే తెలిసింది. ఆరోగ్య కేంద్రంలో చేపలెందుకో అర్థం కాలేదు. జనం ఏం తింటున్నారో అడుగుతోంది కాబోలు అనుకున్నాను." ముక్కు చీదింది. ఏడుస్తోంది, నవ్వుతోంది. "ఒక్కమాట అడిగి ఉంటే పోయేది మిమ్మల్ని."

"అడిగినా చెప్పేదాన్ని కాదు."

"తెలుసు."

స్పాంజి తీసింది. వద్దన్నాను. నా చితెంజె కొంగు చింపి, తడిపి, నేనే తుడిచాను. మూలమూలలా తుడిచాను. ఆమె నీళ్ళు పోసింది.

సిస్టర్ ఈలోగా పసిపిల్లలకు సూదులు వేసేసింది, కాగితం మీద రాసుకుంటూ. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి తెర వెలిగింది. లావుపాటాయన వాచీ చూడటం మానేశాడు. "మా పెద్ద ఆఫీసులో యంత్రం చెడిపోతే ఒక నంబరు చూపిస్తుంది. ఆ నంబరుకి అర్థం ఏమిటో కనుక్కోవాలంటే ఇంకో దేశానికి ఫోను చేయాలి. ఇదేమో వాళ్ళ అమ్మను పిలవమంటోంది" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. పక్కవాడు మాత్రం నవ్వలేదు. ఏదో రాసుకున్నాడు, మళ్ళీ ఆ పలక దగ్గరికి వెళ్ళి నడుమెత్తు చూసుకుని, తన చేతికి అందుతుందో లేదో చూసి, ఇంకేదో రాసుకున్నాడు.


జూలై 2

రోజంతా అదే తలుచుకుంటున్నాను.

నువ్వు లేకపోయినా నడవాలని చేశావు. నేను లేకపోతే లేవదని రాశావు.

ఆమె కోసం రాసింది కాదు అది. ఆమె ఎవరో నీకు తెలియదు. నా కోసం రాశావు. అందులో ఆమె చదివినవన్నీ ఎవరికైనా చెప్పే మాటలే. నాకు చెప్పింది నాకే. ఇది రాస్తుంటే నాకు గర్వంగానే ఉంది. ఉండనీ.


జూలై 9

పలక కడగడానికి రోజూ వెళ్తున్నాను. స్పాంజి విసిరేశాను.


జూలై 17

ఒప్పుకున్నారట. ముందు సరస్సు ఒడ్డు కేంద్రాలన్నిటికీ, తర్వాత కొండ మీదివాటికీ.

అసియాతు పరిగెత్తుకుంటూ రేవుకి వచ్చి చెప్పింది. ఇసుకలో ఒక చెప్పు ఊడిపోయింది, పట్టించుకోలేదు. న్యాలోంగ్వే నడుము తిప్పుతూ పాట ఎత్తుకుంది, ఆడవాళ్ళంతా కూతలు పెట్టారు. ఆ పిల్లని మధ్యలో పెట్టి తిరిగారు. అందరూ ఆమెనే కావలించుకున్నారు.

నాకు మళ్ళీ మండింది. దాచుకోను. ఆ మధ్యలో ఉండాల్సింది నువ్వు.

తిరిగి తిరిగి వచ్చి నా పక్కన ఇసుకలో కూలబడింది. "అమ్మా, టోంగా ఇక్కడ అలాగే ఉంచుతాను. మిగతా చోట్ల ఎక్కడి భాష అక్కడ పెట్టాలి. కానీ ఊరికే మార్చేస్తే మాట చచ్చిపోతుంది. టివొంగె ఏ మాట ఎందుకు అందో మీరు చెబితే..."

"నాకంత ఖాళీ లేదు" అన్నాను. తర్వాత, "సాయంత్రం రా. ఖాళీ కడుపుతో రా" అన్నాను.


జూలై 18

"ఆగాగు, వెనక్కి రా" ఎక్కడిదో చెప్పాను. నువ్వు నీళ్ళలోకి పరిగెత్తిన సంగతి. పగలబడి నవ్వింది. నువ్వు నవ్వినట్టు కాదు. నీ నవ్వు వేరు.

మూడు ముద్దలు తింది.


ఆగస్టు 2

ఇవాళ పలక కడిగాక లోపలికెళ్ళి నీ కప్పు కూడా కడిగి ఆమె ముందు పెట్టాను. పెట్టాక తీసేసుకుందామనిపించింది. తీసుకోలేదు.


ఆగస్టు 11

కొండొవొలె సాగదీయకుండా తుంచడం వచ్చింది ఆమెకి. న్యాలోంగ్వే, "అయ్యో, ఇక మగాడు రాడు" అంది. ఈసారి ఆమెకి టోంగాలోనే అర్థమైంది. టోంగాలోనే, "వస్తే మీకే ఇస్తానత్తా" అంది. న్యాలోంగ్వే పడీపడీ నవ్వింది.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగింది. "ఒక్కటి మిగిలిందమ్మా. తుడిచారు, దులిపారు, తీగలు చూశారు, అయినా లేవలేదనుకోండి. కొత్త బ్యాటరీ వచ్చేదాకా ఆగాల్సిందే. ఆ తెర మీద టివొంగె 'రేపు రండి' అని మాత్రం పెట్టింది. తర్వాత ఏదో రాద్దామని జాగా వదిలింది. నేను రాద్దామంటే నాకేం తోచడం లేదు."

"నేనేం రాస్తాను? ఐదో తరగతి."

"ఎవరూ దిద్దరమ్మా" అంది.

పాస్టరుగారి భార్య అన్న మాటే. ఈ పిల్లకెలా తెలుసో.

నీ మాట కింద నా మాట. ఆమె దాన్ని అన్ని భాషల్లోకీ మారుస్తుంది. నాకు తెలియని ఊళ్ళో, తెర ఆగిపోయి చేతులు పిసుక్కుంటూ నిలబడిన ఎవరో చదువుతారు. తప్పులు రాకుండా ముందు ఇక్కడ రాసి చూసుకుంటున్నాను.

రేపు రండి. మీ పేర్లు ఎక్కడికీ పోలేదు, లోపలే ఉన్నాయి. ఇది మీ తప్పు కాదు. ఇంటికి వెళ్ళి కడుపు నిండా తినండి.